మాస్టారి స్టడీ హాలు, మూడు ఉచిత టూల్స్, ఒక అట్ట చక్రం

నా టేబుల్ సొరుగులో ఒక అట్ట చక్రం ఉంది. డక్టులేటర్ అంటాం, ఏసీ గాలి వెళ్ళే రేకు డక్టుల సైజు తేల్చేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మా సీనియర్ ఒకాయన దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది తిప్పడం వస్తే సగం పని వచ్చినట్టే" అన్నారు. ఒక చక్రం మీద ఇంకో చక్రం, మధ్యలో మేకు. వంద అడుగుల డక్టుకు 0.1 అంగుళం (నీటి ఎత్తు లెక్కలో) ఒత్తిడి నష్టం అన్న గీతకు ఎదురుగా వెయ్యి సీఎఫ్‌ఎం (నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల గాలి) తెచ్చి ఆపితే, గుండ్రటి డక్టయితే పద్నాలుగు అంగుళాలకు కాస్త తక్కువ అని ఒక గడిలో కనిపిస్తుంది. దానికి సమానమైన పలకల డక్టు సైజులు కూడా అక్కడే ఉంటాయి: 16×10, 20×8, అలా. సీలింగులో చోటు లేదని ఆర్కిటెక్టు గొడవ చేస్తే చక్రం కదపక్కర్లేదు, వేలు పక్కకి జరిపి ఇంకో సైజు చదివేయడమే. ఒకటి తిప్పితే అన్నీ కదులుతాయి. అవతలివాళ్ళు అడగడం పూర్తయ్యేలోపు జవాబు చేతిలో ఉంటుంది.

తర్వాత ఆ చక్రం సొరుగులోకి పోయింది, ఈ-ట్వంటీ షీటు వచ్చింది. ఏసీ లైనులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. గోడలు, కిటికీలు, కప్పు, మనుషులు, లైట్లు, బయటి గాలి అన్నీ గళ్ళలో నింపితే అడుగున టన్నులు వచ్చే ఎక్సెల్. పెన్‌డ్రైవుల్లో చేతులు మారీ మారీ, ఏ గడిలో ఫార్ములా ఎవరు మార్చారో ఎవరికీ తెలియని షీటు. నేనూ పదిహేనేళ్ళు దాంతోనే బతికాను, తిట్టను. కాకపోతే అది చివరి అంకె చెబుతుంది గానీ ఎదురుగా కూర్చున్న ఓనరుకు ఏమీ చూపించదు. ఆయనేదో అడుగుతాడు, మనం "రెండు రోజుల్లో చెప్తానండీ" అంటాం. ఆ రెండు రోజుల్లో ఆయన ఏసీ మెకానిక్ మాట విని అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు.

అందుకని ఒక సాఫ్ట్‌వేర్‌ను చూసేటప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: మనిషి ఎదురుగా ఉండగా జవాబిస్తుందా, మనిషి వెళ్ళిపోయాక ఇస్తుందా? ఇక్కడ నేను చెప్పబోయే మూడూ ఉచితమే. ఒకటి కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలోని సెంటర్ ఫర్ ద బిల్ట్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళ థర్మల్ కంఫర్ట్ టూల్. రెండోది వాళ్ళదే ఫ్యాన్ టూల్. మూడోది ఓపెన్‌స్టూడియో, దాని లోపల తిరిగే ఎనర్జీప్లస్, ఏడాది పొడవునా బిల్డింగు వేడి లెక్క వేసేవి. మూడింటినీ ఒకే పని మీద వాడాను కాబట్టి ఆ పని కథగానే చెప్తాను.

పని విజయవాడలో. ఓనరు రిటైరయిన లెక్కల మాస్టారు. పాత బిల్డింగు మీద ఒక అంతస్తు వేసి, పోటీ పరీక్షల పిల్లలకు స్టడీ హాలు పెట్టారు. అరవై అడుగులు ఇంటూ నలభై, 120 కుర్చీలు, నెత్తిన ఆరంగుళాల శ్లాబు, దాని మీద బెజవాడ ఎండ. ఏసీలు అమ్మే ఆయన హాలు గుమ్మంలో నిలబడే "ఇరవై టన్నులండీ" అని కాగితం మీద రాసిచ్చాడట. లెక్క తెలిసిందే: 120 చదరపు అడుగులకు ఒక టన్ను, 2,400కి ఇరవై. ఆ లెక్కను వెక్కిరించను. ఫోన్లో ఎవరైనా అడిగితే నేనూ అదే చెప్తాను.

"అమ్మా, పక్క వీధి హాల్లో ఇరవై రెండు డిగ్రీలు పెడుతున్నారు. మనం పెట్టకపోతే పిల్లలు రారు" అన్నారు మాస్టారు మొదటి మాటగా.

ఆ పక్క వీధి హాలు నేనూ చూశాను. మే నెలలో, బయట రోడ్డు మీద తారు మెత్తబడుతుంటే, లోపల పిల్లలు టోపీ ఉన్న స్వెట్టర్లు వేసుకుని గ్రూప్-2 చదువుతున్నారు.

ల్యాప్‌టాప్ మాస్టారి వైపు తిప్పి కంఫర్ట్ టూల్ తెరిచాను. ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు, బ్రౌజర్‌లోనే. ఎడమ వైపు ఆరు గళ్ళు: గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న గోడలు-కప్పుల సగటు వేడి, గాలి వేగం, తేమ, మనిషి చేస్తున్న పని, ఒంటి మీద బట్ట. కుడి వైపు గాలి వేడినీ తేమనూ కలిపి చూపే సైక్రోమెట్రిక్ చార్టు, దాని మీద రంగు వేసిన ఒక ప్రాంతం, ఒక చుక్క. చుక్క ఆ రంగులో ఉంటే అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన హాయి ప్రమాణం, ఆష్రే 55కి సరిపోయినట్టు, పైన ఆకుపచ్చ అక్షరాలు వస్తాయి. బయటికి పోతే ఎరుపు. గడిలో అంకె మార్చగానే చుక్కో రంగో కదులుతుంది. ఇంతే టూలు. ఈ ఇంతే అన్నదాంట్లోనే దాని గొప్పంతా ఉంది.

పని దగ్గర జాబితా తెరిస్తే "కూర్చుని చదవడం, 1.0" అని ఉంది. మాస్టారు ముచ్చట పడ్డారు, అమెరికా వాళ్ళు మన హాలు కోసమే రాసినట్టు. బట్ట దగ్గర ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా: 0.57. తేమ 50, గాలి కదలిక దాదాపు లేదు. ఉష్ణోగ్రత మాస్టారి కోసం ఇరవై రెండు కూడా కాదు, 24 పెట్టాను. చలి, ఉక్కలను కొలిచే అంకె మైనస్ 0.5 దాటి కిందికి పోయింది. ఎర్ర అక్షరాలు.

"ఇదేంటమ్మా, ఇరవై నాలుక్కే చలి అంటోంది?"

"పక్క వీధి పిల్లల స్వెట్టర్లు అందుకే మాస్టారూ."

ఆ అంకెను పీఎంవీ అంటారు. డెన్మార్క్‌కు చెందిన ఫాంగర్ 1970లో పెట్టిన లెక్క. మైనస్ మూడు అంటే గజగజ, ప్లస్ మూడు అంటే పొయ్యి. మైనస్ 0.5 నుంచి ప్లస్ 0.5 మధ్యలో ఉంటే నూటికి పదిమందికి మించి అసంతృప్తి ఉండదని దాని అంచనా. సరిగ్గా సున్నా దగ్గర కూడా ఐదుగురు గొణుగుతూనే ఉంటారని ఆ ఫార్ములాలోనే ఉంది. మాస్టారికి ఈ ఐదుగురు బాగా నచ్చారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఏ క్లాసులోనూ ఆ ఐదుగురు లేకుండా లేరట.

తర్వాత 28 పెట్టి, తేమ 60 చేశాను. గాలి కదలకపోతే 0.9. ఉక్క. ఎరుపు. ఇప్పుడు ఒక్క గాలి గడి మాత్రం మార్చి, సెకనుకు 0.8 మీటర్లు చేశాను. అంకె సున్నా దగ్గరికొచ్చి ఆకుపచ్చ అయింది. ఏసీ మీద నాలుగు డిగ్రీలు ఎక్కువ, పైన ఫ్యాను, పిల్లాడికి హాయి. ఈ మాట నేను నోటితో పదేళ్ళుగా చెబుతున్నాను, ఓనర్లు మర్యాదగా తల ఊపి 22 పెట్టిస్తున్నారు. మాస్టారు మాత్రం మౌస్ నా చేతిలోంచి తీసుకున్నారు. గాలి 0.4 పెట్టారు, 0.6 పెట్టారు, 29 చేశారు, 30 చేశారు, తేమ మార్చారు. పావుగంట నేను టీ తాగుతూ కూర్చున్నాను. లెక్కల మాస్టారు కదా, చివరికి తానే తేల్చారు: "గాలి ఉంటే ఇరవై ఎనిమిదీ, లేకపోతే ఇరవై ఐదూ. అంతేగా?" దాదాపు అంతే. పక్కనే కంపేర్ అని ఒక ట్యాబు ఉంది, మూడు రకాల గదులను ఒకే చార్టు మీద పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. అది కూడా ఆయనే కనిపెట్టారు, నేను అంతకు ముందు వాడలేదు.

అప్పుడు రెండో గడి, గోడలు-కప్పుల వేడిది. దాన్ని అందరూ గాలి ఉష్ణోగ్రతతో సమానంగా వదిలేస్తారు. నేను 28 తీసేసి 32 పెట్టాను. ఫ్యాను అలాగే ఉంది, ఏసీ అలాగే ఉంది, అక్షరాలు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"ఇప్పుడేమైంది?"

"మీ శ్లాబు అయింది."

వేసవి రాత్రి మొండి శ్లాబు కింద పడుకున్నవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎండ పోయి నాలుగు గంటలైనా పైనుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఆ సాయంత్రం నాలుగింటికి టెంపరేచర్ గన్ను పెట్టి చూస్తే ఆయన హాలు సీలింగు 41 చూపించింది. గాలిని ఎంత చల్లబరిచినా ఆ సెగ నెత్తిన తగులుతూనే ఉంటుంది. ఇరవై టన్నులు అడిగేది పిల్లలే కాదు, కప్పు కూడా. ఈ ఒక్క గడి వల్ల సంభాషణ ఏసీ నుంచి కప్పు మీదికి మారింది. ఇన్సులేషనూ, పైన తెల్ల టైల్సూ అంటే అంతకు ముందు "తర్వాత చూద్దాంలేమ్మా" అన్న మనిషి, "ఎన్ని అంగుళాలు వేయాలి?" అని అడిగారు. పక్కన తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. మన దగ్గర ఇంకా కప్పు మీద పెట్టే డబ్బు కంటికి కనపడదని, ఏసీ మీద పెట్టే డబ్బయితే పేరు కనపడుతుందని ఒక లెక్క.

ఇంత పొగిడాను కాబట్టి దాంతో జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఇందులో అడాప్టివ్ అని ఇంకో పద్ధతి ఉంది. ఏసీ లేకుండా కిటికీలు తెరుచుకుని ఉండే గదుల కోసం, బయట ఎండకు మనుషులు ఎలా అలవాటు పడతారో లెక్క వేసేది. మన ఊళ్ళకు సరిగ్గా కావలసింది అదే. కానీ ఆష్రే ప్రమాణంలో దానికి హద్దు, బయటి సగటు 33.5 డిగ్రీలు. రోహిణి కార్తెలో విజయవాడ పగలూ రాత్రీ కలిపిన సగటే 34 దగ్గర ఉంటుంది. అంటే మనకు అవసరమైన నెలలోనే చార్టు అయిపోతుంది. ఇది టూలు తప్పు కాదు, ప్రమాణం అక్కడిదాకే ఉంది.

దానికి నేను చేసేది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్ళ ఐమ్యాక్ అనే భారతీయ అడాప్టివ్ సూత్రాన్ని పక్కన ఎక్సెల్‌లో పెట్టుకోవడం. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, శిమ్లా ఆఫీసుల్లో మనుషుల్ని అడిగి తయారు చేసింది, మన దేశపు బిల్డింగుల ఇంధన పొదుపు కోడ్, ఈసీబీసీ 2017లో కూడా చేరింది. కొంతకాలం ఏసీ, కొంతకాలం కిటికీలు ఉండే బిల్డింగుకు బయటి సగటును 0.28తో గుణించి 17.87 కలపాలి. 34కి 27.4 వస్తుంది, అటూ ఇటూ మూడున్నర డిగ్రీల దాకా సర్దుబాటు. అంటే నేను చెప్పిన 28 ఏమీ అమెరికా వింత కాదన్నమాట. ఇంకా దగ్గరి సాక్ష్యం కావాలంటే, పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చేసిన సర్వేలో జనం హాయిగా ఉందన్న ఉష్ణోగ్రత 29కి పైనే వచ్చింది. మన వాళ్ళకు మన వాళ్ళే చెప్పిన అంకె ఇది. ఇరవై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం నాకు అర్థం కాదు.

బట్టల జాబితాలో చీర, పంచె నాకు కనపడలేదు. ఇది చిన్న సణుగుడే గానీ, కల్యాణ మండపానికి ఈ టూలు వాడాలంటే పెళ్ళికూతురి పట్టుచీరకు ఏ అంకె వేయాలో తల గీక్కోవాలి.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది గాలి గడిది. 0.8 అని ఒక్క అంకె రాస్తాం. గదిలో గాలి ఒక్క అంకెగా ఉండదు. అక్కడే రెండో టూలు, ఫ్యాన్ టూలు పనికొచ్చింది. గది పొడవు, వెడల్పు, ఎత్తు ఇచ్చి, కూర్చున్నవాళ్ళకు ఎంత గాలి కావాలో చెబితే, గదిని సమానమైన గళ్ళుగా కోసి గడికో ఫ్యాను పెట్టి, ఏ సైజు ఫ్యాను ఎన్ని కావాలో, ఎక్కువ తక్కువలు ఎంత వస్తాయో వరసలు చూపిస్తుంది. మాస్టారి హాలుకు నాలుగు వరసల్లో మూడేసి చొప్పున పన్నెండు, రెక్కలు తిరిగే చుట్టు వెడల్పు 1,400 మిల్లీమీటర్లు ఉన్నవి తీసుకున్నాం. బీఎల్‌డీసీ (కరెంటు తక్కువ తాగే మోటారు) ఫ్యాన్లు, పన్నెండూ కలిపి అరకిలోవాటు లోపే. మన కంపెనీల మోడళ్ళ వివరాలు చేత్తో ఎక్కించుకోవాలి, గాలి పరిమాణం డబ్బా మీద చూసి రాసుకోవాలి. డబ్బా మీద రాసిందంతా నిజమని ఎవరన్నారు? అందుకని ఫ్యాన్లు బిగించాక నేను గాలి మీటరు పట్టుకుని ఒక ఆదివారం బల్లబల్లకీ తిరిగాను. ఫ్యాను కింద 1.3. రెండు ఫ్యాన్ల మధ్య 0.3. సగటు మాత్రం టూలు చెప్పినదానికి దగ్గరగానే ఉంది.

సగటుకు పరీక్ష లేదు, కూర్చున్న పిల్లాడికి ఉంది. సోమవారం పొద్దున్నే ఫోను. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళ మోడల్ పేపర్లు ఎగిరి పోతున్నాయి, పేపర్ల మీద సెల్‌ఫోన్లు పెడుతున్నారు, సెల్‌ఫోన్ పెట్టాక చదువు ఎక్కడిది? ఆష్రే ప్రమాణం గాలి వేగానికి పెట్టిన 0.8 మీటర్ల హద్దు వెనక ఉన్న పాత కారణమే కాగితాలు ఎగరడం అని నేను చదువుకునే ఉన్నాను. అయినా బల్లలు ఎక్కడొస్తాయో చూడకుండా ఫ్యాన్లు గీశాను. తప్పు నాది, టూలుది కాదు. అది గదిని చూస్తుంది, బల్లల్ని చూడదు. చివరికి ఫ్యాన్లు కదపలేదు. ఫ్యాన్ల కింద నడిచే దారులు వచ్చేలా బల్లలు జరిపించాం. ఆరుగురు పిల్లలు, ఒక పూట, మాస్టారి తరఫున పునుగులు.

ఇక మూడోది. ఎనర్జీప్లస్‌ను అమెరికా ఇంధన శాఖ 2001లో విడుదల చేసింది. అంతకు ముందున్న డీఓఈ-2, బ్లాస్ట్ అనే రెండు ప్రోగ్రాముల వారసత్వం. లెక్కలో దానికి వంక పెట్టేంత చదువు నాకు లేదు. ఏడాదిలో 8,760 గంటలకూ గోడ గోడకూ వేడి ఎలా వచ్చింది, శ్లాబులో ఎంతసేపు నిలిచింది, ఎప్పుడు దిగింది అన్నీ వేస్తుంది. కానీ దానికి ముఖం లేదు. అక్షరాల ఫైలు ఇస్తే అక్షరాల ఫైళ్ళు తిరిగిస్తుంది. ఆ ముఖమే ఓపెన్‌స్టూడియో. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో పుట్టింది. అందులోనే ఫ్లోర్‌స్పేస్ అని గళ్ళ కాగితం లాంటి గీత పలక ఉంది, కాబట్టి గీయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

రన్ నొక్కితే నా ఐదేళ్ళ ల్యాప్‌టాప్‌లో ఈ చిన్న బిల్డింగుకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల కోసం రెండు రోజులు కూర్చోవాలి. గోడ పొరలు, టైము టేబుళ్ళు, లైట్లు, మనుషులు, ఏసీ సిస్టం, ఒక్కోదానికి ఒక్కో ట్యాబు. మధ్యలో ఏదో ఒకటి మరిచిపోతాం. మరిచిపోయినా అది మర్యాదగా నడిచేస్తుంది, అదే భయం. నేను కింద కొట్లు, పైన హాలు రెండు అంతస్తులూ గీసి, మధ్యలో ఉన్న శ్లాబు రెండింటికీ ఉమ్మడి అని చెప్పే సర్ఫేస్ మ్యాచింగ్ చేయడం మరిచిపోయాను. దాని దృష్టిలో కింది కొట్ల నెత్తిన మే నెల సూర్యుడు ఉన్నాడు, పై హాలు గాల్లో తేలుతోంది. హాలుకు రావలసిన దానికన్నా రెండున్నర టన్నులు ఎక్కువ వచ్చింది. ఆ అంకె చూసి నాకు అనుమానమే రాలేదు, ఎందుకంటే ఇరవై కన్నా తక్కువే కదా! కింది చెప్పుల కొట్టుకూ పై హాలుకూ కప్పు మీద నుంచి సమానంగా వేడి దిగుతోందని ఒక పట్టికలో చూశాక నవ్వొచ్చింది, తర్వాత చెమట పట్టింది. అప్పటి నుంచి రన్ నొక్కే ముందు బిల్డింగును హద్దుల రంగుల్లో ఒకసారి తిప్పి చూడకుండా ఉండను. బయటి గోడలు ఒక రంగు, లోపలి గోడలు ఇంకో రంగు. అట్ట చక్రం తిప్పినట్టే ఉంటుంది, ఆ ఒక్క పని.

రన్ అయ్యాక ఎర్రర్ ఫైలు తప్పకుండా తెరవండి. వార్నింగ్, సివియర్, ఫేటల్ అని మూడు మెట్లు. ఫేటల్ వస్తే అదే ఆగిపోతుంది కాబట్టి మంచిదే. సివియర్‌తో కూడా నడిచిపోయేవి ఉంటాయి, వాటితోనే జాగ్రత్త.

ఊళ్ళో ఎండ, తేమ గంటగంటకూ ఎంతో దానికి చెప్పే వాతావరణం ఫైలు సంగతి వేరే చెప్పాలి. మన దేశపు ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే వాళ్ళ డేటాతో తయారైన పాత సెట్టులో మన వైపు హైదరాబాద్, విశాఖ, కర్నూలు, నెల్లూరు, రామగుండం ఉన్నాయి. విజయవాడ లేదు. విశాఖ పెడితే సముద్రపు గాలి, రామగుండం పెడితే ఎండ ఉంది గానీ కృష్ణ ఒడ్డు ఉక్క లేదు. పైగా ఈ ఫైళ్ళన్నీ "సగటు సంవత్సరం" ఫైళ్ళు, వేర్వేరు ఏళ్ళ నుంచి మామూలుగా గడిచిన నెలల్ని ఏరి కుట్టినవి. రోహిణి కార్తెలో మనం పడ్డ వడగాలి అందులో ఉండకపోవచ్చు. ఏడాది కరెంటు బిల్లు అంచనాకు అవి చాలు. ఏసీ సైజుకు మాత్రం డిజైన్ డే, అంటే ఏసీ తట్టుకోవాల్సిన బాగా వేడి రోజు, నేనే రాసి పెట్టుకున్నాను, మధ్యాహ్నం 44 అని. మాస్టారు "45 రాయమ్మా" అన్నారు. బేరం కుదరలేదు.

ఫలితం: ఫ్యాన్లతో, 27 డిగ్రీల సెట్టింగుతో, మొండి శ్లాబుకు దాదాపు 16 టన్నులు. మూడంగుళాల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీటు, పైన తెల్ల టైల్సు వేస్తే 12. ఇందులో నాలుగు టన్నులు ఒట్టి మనుషులదే. కూర్చున్న పిల్లాడు ఒక్కడు నూరు వాట్ల బల్బు కన్నా కాస్త ఎక్కువ వేడి ఇస్తాడు, అలాంటివి 120. ఇంకో నాలుగు, వాళ్ళు పీల్చే బయటి గాలిని చల్లార్చి ఆరబెట్టడానికి. ఆ ఎనిమిదిని ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. సీలింగులో బిగించే మూడు టన్నుల క్యాసెట్ ఏసీలు నాలుగు పెట్టాం. ఎక్కువ పెడితే నష్టమేముందని ఏసీ అమ్మే ఆయన అడిగాడు. మామూలు కంప్రెసర్ అయితే గది గబగబా చల్లబడి ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి టైమే ఉండదు, చల్లటి ఉక్క మిగులుతుంది. ఆయనకు ఈ సంగతి తెలియక కాదు.

మార్కులు వేయమంటే, కంఫర్ట్ టూలుకు ఐదుకు నాలుగున్నర. సివిల్, మెకానికల్ పిల్లలు, ఆర్కిటెక్టులు, ఏసీ షాపు నడిపేవాళ్ళు ఎవరైనా ఈ రోజే తెరవచ్చు, ఆరు గళ్ళకు అర్థం తెలిస్తే చాలు. ఫోన్లో కూడా తెరుచుకుంటుంది గానీ చార్టు చూడాలంటే పెద్ద స్క్రీనే మేలు. ఫ్యాన్ టూలుకు నాలుగు, బల్లలు ఎక్కడున్నాయో మీరే గుర్తు పెట్టుకోవాలి. ఓపెన్‌స్టూడియోకు మార్కులు వేయడం నాకు ఇష్టం లేదు, అది నన్ను పరీక్షించే రకం. పర్మిషన్ల కోసం, గ్రీన్ రేటింగ్ కోసం, పెద్ద బిల్డింగు కోసం చాలాసార్లు ఇలాంటిది ఒకటి కావాల్సి వస్తుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు ఒక్క గదితో, కిటికీ కూడా లేని పెట్టెతో మొదలుపెట్టి, చేత్తో వేసిన లెక్కకు దగ్గరగా వచ్చాకే రెండో గది గీయండి. ఓనరు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని తెరవకండి. నేను ఒకసారి తెరిచాను, ఆయన నా భుజం మీదుగా చూస్తూ "హ్యాంగయినట్టుందమ్మా" అన్నారు. హ్యాంగవలేదు, ఆలోచిస్తోంది.

ఆగస్టులో మాస్టారు ఫోను చేశారు. ఇప్పుడు ఆయన కంప్యూటర్లో ఆ టూలు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, హాలు చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు చుక్క కదిపి చూపిస్తున్నారట.

"అమ్మా, వానలు కదా అని తేమ 80 పెట్టి చూశాను. ఆకుపచ్చే వస్తోంది. పిల్లలేమో పొద్దున్నే వచ్చి జిగటగా ఉందంటున్నారు. చుక్క తప్పా, పిల్లలు తప్పా?"

"పిల్లలు తప్పు కాదు మాస్టారూ. ఆ లెక్క తేమను తక్కువగా చూస్తుంది, అది తెలిసిన లోపమే. అయినా పొద్దున్నే అంటున్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. రాత్రి ఏసీలు ఆపుతున్నారు కదా, బయటి గాలిని హాల్లోకి లాక్కొచ్చే ఫ్యాను కూడా ఆపుతున్నారా?"

అటు నుంచి కాసేపు మాట లేదు.

"దానికి స్విచ్చి ఎక్కడుందమ్మా?"